చిన్నారి కుడిపాదం

ఆరోగ్యమ్మ చేతుల గురించి పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర ఎవరినడిగినా చెబుతారు. బట్టీ దించిన పూట, రాయి ఇంకా వేడి చిమ్ముతుండగానే, తక్కిన ఆడవాళ్లు పారల కోసం వెతుక్కుంటుంటే ఈవిడ ఉత్త చేతులతో పనిలో కూర్చునేది. బాగా కాలిన గడ్డ ఇటు, సరిగా కాలని రాయి అటు. మేస్త్రీ సత్తార్ కొత్తగా చేరిన వాళ్లను తీసుకొచ్చి ఆవిడ ముందు నిలబెట్టి, "చూడండి, పనంటే అదీ" అనేవాడు. "చూసింది చాల్లే, కూసోండి" అనేది ఆవిడ తలెత్తకుండానే. లోపల మాత్రం పొంగిపోయేది. పొగడ్త ఎవరికి చేదు?

ఆ చేతులే ఇప్పుడు నరసరావుపేటలో ఒక గుండె ఆసుపత్రి పై అంతస్తులో, మనవరాలు చిన్నారి కుడిపాదం మీద ఉన్నాయి. నాలుగేళ్ల పిల్ల పాదం. అది వెచ్చగా ఉందో చల్లబడుతోందో కనిపెట్టుకుని ఉండమని ఆవిడను పక్కన కూర్చోబెట్టారు. ఆరోగ్యమ్మ అరచేయి ఆనించింది, తీసింది, మళ్లీ ఆనించింది. ఏమీ తెలియలేదు.

చిన్నారి ఆవిడ కొడుకు రవికుమార్ కూతురు. పుట్టినప్పటి నుంచీ గుండెలో ఒక తలుపు సరిగా తెరుచుకోదు. నాలుగడుగులు పరిగెడితే చాలు, ఆయాసపడి ఎక్కడిదక్కడ కూలబడేది. కోత లేకుండానే బాగు చేయొచ్చని డాక్టర్ నిహారిక చెప్పింది. గజ్జలో ఉండే రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపి, దాని కొసన ఉన్న బుడగను ఊది ఆ తలుపును తెరుస్తారట. "ఏం రంగు బుడగ?" అని అడిగింది చిన్నారి. డాక్టరమ్మ కాసేపు ఆలోచించి, "నీకే రంగు కావాలి?" అంది. పిల్ల పసుపు అంది. ఆ ఉదయం బుడగ ఊదారు, తలుపు తెరుచుకుంది, గొట్టం బయటికి తీసేశారు. బుడగ పసుపు రంగుదేనని డాక్టరమ్మ ఒట్టేసి మరీ చెప్పింది.

గుండె సంగతి అయిపోయిందనుకుని తల్లీ కొడుకులు దేవుడికి స్తోత్రాలు చెప్పుకుంటుంటే, డాక్టరమ్మ ఇద్దరినీ వరండాలోకి పిలిచింది.

"ఇక మనం కాచుకోవాల్సింది కాలు. చిన్నపిల్లల రక్తనాళాలు బాగా సన్నం. గొట్టం వెళ్లొచ్చిన చోట రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోవచ్చు. అలా కాకుండా రక్తం గడ్డకట్టనివ్వని మందు ఇచ్చాం. తక్కువైతే గడ్డకడుతుంది, ఎక్కువైతే గజ్జ దగ్గర రక్తం ఆగదు. అందుకని పిల్ల బరువును బట్టి కొలిచి ఇస్తాం. ఇచ్చినా కొందరిలో మూసుకుపోతుంది. తొందరగా కనిపెడితే మందుతోనే సరిచేయొచ్చు."

"కనిపెట్టకపోతే ఏమవుద్ది మేడం?" అన్నాడు రవికుమార్.

"కాలికి రక్తం అందదు. అంతదాకా రానివ్వకూడదు" అంది డాక్టరమ్మ. అందదంటే ఏమవుతుందో అడిగే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

మంచం దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు. చిన్నారి తల్లి కరుణ రెండు నెలల పసివాడితో పిడుగురాళ్లలో ఇంటి దగ్గరే ఉంది. కారంపూడి నుంచి ఆమె తల్లి సాయానికి వచ్చింది. నేనుంటానన్నాడు రవికుమార్. ఆరోగ్యమ్మ వాణ్ని ఒక్క చూపు చూసింది.

"ఒరేయ్, పొద్దస్తమానం లారీ స్టీరింగ్ తిప్పేటోడివి, పసిపిల్లల ఒంటి సంగతి నీకేం తెలుసురా? నిన్ను పెంచిన చేతులివి. నువ్వు కిందికి పో."

అంత మాట అనేశాక రవికుమార్ ఏం చేస్తాడు, కిందికి పోయాడు. ఆరోగ్యమ్మ దర్జాగా కుర్చీ లాక్కుని కూర్చుంది. తగుదునమ్మా అని కూర్చోవడం వరకూ బాగానే ఉంది.

షెర్లీ అని ఒక నర్సు. సత్తెనపల్లి పిల్ల, పెళ్లయి ఏడాది కాలేదు, నడకలోనే హడావిడి. ఆరోగ్యమ్మకు ఆ పిల్ల అన్నీ విడమరిచి చెప్పింది. చిన్నారి కుడికాలు మడవకూడదు. గజ్జ దగ్గర కట్టు రక్తంతో తడిస్తే వెంటనే పిలవాలి. పాదాల మీద దుప్పటి కప్పకూడదు, రంగు కనబడాలి. రెండు పాదాలూ పట్టుకుని చూడాలి, ఒకదానికొకటి పోల్చుకోవాలి.

"ఇదిగో, పాదం మీద ఇక్కడ నాడి కొట్టుకుంటది. చెయ్యి పెట్టు పెద్దమ్మా. తెలుస్తుందా?"

ఆరోగ్యమ్మ వేలు పెట్టింది. మెత్తటి పాదం మీద ఆ వేలు కర్రముక్క మాదిరి ఆగి ఉంది.

"ఆఁ, తెలుస్తుందమ్మా" అంది.

"నేను వచ్చి చూస్తానే ఉంటా. మధ్యలో నువ్వూ చూస్తా ఉండు. ఇద్దరం చూస్తే మంచిది గదా" అంటూ షెర్లీ వెళ్లిపోయింది.

ఆరోగ్యమ్మ చేతులకు స్పర్శ పోయి చాలా కాలమైంది. ఒక్కరోజున పోయింది కాదు. చెమట చేతుల మీద సున్నం పడితే మండుతుంది, పొక్కుతుంది, మానుతుంది, మానిన చోట తోలు మందమవుతుంది. మొదట వేళ్ల కొసలు పోయాయి, తర్వాత వేళ్లు, తర్వాత అరచేయి. మొదట్లో అదొక వరం అనుకుంది. మంట తెలియకపోతే పని సాగుతుంది కదా! సత్తార్ పొగిడిన పనితనం సగం అదే. ఈ సంగతి సత్తార్‌కు తెలియదు, కొడుక్కి తెలియదు, కోడలికి అంతకన్నా తెలియదు.

ఎలా తెలియకుండా పోయిందంటే, ఇంట్లో ఆ చేతులను పరీక్షించే పని ఒకే ఒకటి, పసిపిల్లలకు నీళ్లు పోయడం. ఆ పనికి ఆరోగ్యమ్మ పీట మీద కూర్చుని, కాళ్లు బారజాపుకుని, పిల్లను ఆ కాళ్ల మీద పడుకోబెట్టుకుంటుంది. చెంబెడు నీళ్లు ముందు తన మోకాళ్ల మీద ఒంపుకుంటుంది. నీళ్ల వేడి కాళ్లకు తెలుస్తుంది. చిన్నారికి అలాగే పోసింది, ఇప్పుడు చంటివాడికీ అలాగే పోస్తోంది. నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, వాణ్ని గుడ్డలో చుట్టి తల్లి ఒళ్లో పెట్టే ఆ పూట కోసమే ఆవిడ పొద్దున్నే లేచేది. చేతులు మొద్దుబారాయని తెలిస్తే కరుణ ఆ పిల్లవాణ్ని మళ్లీ ఆవిడ కాళ్ల మీద పెడుతుందా? పెట్టదు. ఏ తల్లయినా పెట్టదు. ఈ భయం ఆరోగ్యమ్మను లోపల్లోపల తినేస్తూ ఉంది.

మధ్యాహ్నమైంది. కిటికీకి తెల్లటి తెర వేశారు. ఎండ ఆ తెరలోంచి వడకట్టుకుని, గదంతా పల్చటి మజ్జిగ పోసినట్టు పరుచుకుంది. పైన ఏసీ సన్నగా గుయ్‌మంటోంది. చిన్నారికి మత్తు పూర్తిగా దిగలేదు. కళ్లు సగం తెరుస్తుంది, ఎక్కడో చూస్తుంది, మళ్లీ మూస్తుంది.

"నాయనమ్మా, బుడగ పోయింది" అంది ఒకసారి.

"యాడికి పోయిందే?"

"మన బట్టీ మీదకి. పొగలో ఉంది. నువ్వు పట్టుకో."

"పట్టుకుంటాలే, పడుకో బంగారూ."

పిల్ల నవ్వి నిద్రలోకి జారింది. ఆరోగ్యమ్మకు కూడా ఆ పసుపు బుడగ కనబడింది. బట్టీ మీద తెల్లటి పొగ, ఆ పొగలో పైకి పోదామా వద్దా అన్నట్టు ఊగుతున్న బుడగ, కింద తెల్లటి చెట్లు, తెల్లటి లారీలు, తెల్లటి మనుషులు. పిడుగురాళ్లలో బట్టీల పక్క పుట్టిన పిల్లలకు ఆకు పచ్చగా ఉంటుందని వాన పడ్డాకే తెలుస్తుంది. ఆవిడ తల విదిలించుకుని మళ్లీ పాదం పట్టుకుంది.

వరండాలో ఒక్కసారిగా అలికిడి. ఎవరో మరో పిల్లవాణ్ని స్ట్రెచర్ మీద పరుగున తీసుకొచ్చారు. తల్లి ఏడుపు, చక్రాల చప్పుడు. షెర్లీ అటు పరిగెత్తింది. ఉన్న ఇద్దరు నర్సులూ ఆ గదిలోనే చిక్కుకున్నారు. కాసేపటికి షెర్లీ గుమ్మంలోంచి తల మాత్రం పెట్టింది, చేతిలో సిరంజి, నుదుటి మీద చెమట.

"పెద్దమ్మా! కాలెట్టా ఉంది? ఎచ్చగానే ఉందా?"

ఆరోగ్యమ్మ చేయి పాదం మీదే ఉంది. ఆ చేతికి అదీ ఒకటే, మంచం పట్టీ ఒకటే.

"ఉందమ్మా. ఎచ్చగానే ఉంది."

షెర్లీ వెళ్లిపోయింది. అబద్ధం ఎందుకవుతుంది, ఇందాక ఆ నర్సుపిల్లే పట్టుకుని చూసి బాగుందంది కదా, ఇంతలో ఏమవుతుంది అని ఆరోగ్యమ్మ తనకు తానే సర్దిచెప్పుకుంది. రంగు చూసింది. ఆ తెల్లటి వెలుగులో రెండు పాదాలూ ఒకేలా కనబడ్డాయి. 'దేవా, ఈ ఒక్క పూట గట్టెక్కించు, ఇంకేమీ అడగను' అనుకుంది. ఆవిడ దేవుణ్ని ఇంకేమీ అడగనని ఎన్నిసార్లు అందో ఆ దేవుడికే తెలియాలి.

ముందురోజు ప్రయాణం, ఉదయమంతా గుండెలు అరచేత పెట్టుకుని నిలబడ్డ అలసట. కుర్చీ మంచం కొసకు జరుపుకుని, పాదం మీద చేయి వేసి కూర్చుంది. రెప్పలు బరువెక్కాయి.

కారంపూడి దగ్గర సాగర్ కాలవ. ఆవిడ చిన్నపిల్ల. తండ్రి కాలవ మీద లస్కరు పని చేసేవాడు, తూముల తలుపులు ఎత్తేవాడు, దించేవాడు. కలలో ఆయన గట్టు మీద ముందు నడుస్తున్నాడు, భుజాన గొడుగు. 'అయ్యా, నీళ్లొదిలారా?' అని అడిగింది. 'పైన తలుపు తీశారే. నీళ్లొస్తన్నాయి' అన్నాడు ఆయన, వెనక్కి చూడకుండా. ఆవిడకు సంతోషమేసింది. కాలవ వెంట పరిగెత్తింది. కాలవ నిండా తెల్లగా పారుతోంది, నీళ్లో సున్నమో తెలియడం లేదు, చప్పుడు మాత్రం లేదు. పరిగెత్తిన కొద్దీ కాలవ సన్నబడింది. బోదె అయింది, తర్వాత చేత్తో గీసిన గీత అయింది. ఆ గీత చివర ఒక్క మడి ఉంది, చాలా చిన్నది, పాదమంత. మడికి నీళ్లు రాలేదు. ఎక్కడో మధ్యలో అడ్డం పడింది. 'అయ్యా, చివరి మడికి అందలేదు!' అని కేక వేసింది. బోర్లా పడి మట్టిలో చేయి పెట్టింది, తడి ఉందో లేదో చేతికి తెలియలేదు. నేల మీద ముఖం ఆనించి పడుకుంది. నేల రాయిలా చల్లగా ఉంది. ఆ చల్లదనం చెంపలోకి పాకింది, పంటిదాకా పాకింది.

ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. తల ఎప్పుడు వాలిందో వాలింది. ఆవిడ కుడిబుగ్గ చిన్నారి కుడిపాదం మీద ఉంది. కల పోయింది, చల్లదనం పోలేదు.

ఆవిడ కదల్లేదు. ఊపిరి కూడా తీయకుండా అలాగే ఉండి, తర్వాత మెల్లగా ముఖం ఎడమపాదం మీదికి జరిపింది. వెచ్చగా ఉంది. అప్పుడే కాచిన పాలగిన్నె పక్కన చెంప పెట్టినంత హాయిగా ఉంది. మళ్లీ కుడిపాదం. చల్లగా ఉంది.

బట్టీలో దిగేటప్పుడు ఆడవాళ్లు పాత చీరముక్క ముఖానికి చుట్టుకుంటారు, కళ్లు తప్ప ఏమీ కనబడకుండా. దుమ్ము ముక్కులోకి పోకుండా చేసే పని అది. బట్టీలో పని చేసిన ఇన్నేళ్లూ చేతులు సున్నం తిన్నాయి కానీ, ఆ గుడ్డ చాటున బుగ్గలు మాత్రం పెళ్లినాటి బుగ్గల్లాగే మిగిలాయి. తన ఒంట్లో ఇంకా అన్నీ తెలిసే చోటు ఒకటి ఉందని ఆరోగ్యమ్మకు ఆ క్షణం దాకా తట్టనేలేదు.

"అమ్మా షెర్లీ! ఓ షెర్లీ! బిడ్డా, తొందరగా రా!"

ఆ కేకకు షెర్లీయే కాదు, కింద టీకొట్టు దగ్గర ఉన్న రవికుమార్ కూడా పైకి పరిగెత్తుకొచ్చాడు. షెర్లీ రెండు పాదాలూ పట్టుకుంది. ముఖం మారిపోయింది. కుడికాలి బొటనవేలి గోరు నొక్కి వదిలింది. తెల్లబడిన గోరు ఎర్రబడటానికి బాగా ఆలస్యం చేసింది. చేతిలో పట్టేంత చిన్న మిషనొకటి తెచ్చి ఎడమపాదం మీద పెట్టింది. గదిలో హుష్, హుష్ అని రక్తం పారుతున్న చప్పుడు వినబడింది. కుడిపాదం మీద పెడితే ఊరికే గరగర, స్టేషను దొరకని రేడియో మాదిరి.

డాక్టర్ నిహారిక వచ్చింది. కట్టు కాస్త వదులు చేసింది, గజ్జ దగ్గర వాపు లేదని చూసుకుంది, మళ్లీ మిషను పెట్టి విన్నది. తర్వాత తలెత్తి, "ఎప్పుడు చల్లబడింది?" అంది.

షెర్లీ ఆరోగ్యమ్మ వైపు చూసింది. "ఇందాక అడిగితే ఎచ్చగానే ఉందన్నారు మేడం."

"బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి పెద్దమ్మా. ఇప్పుడే మొదలైందా, చాలాసేపయిందా? ఏ మందు, ఎంత ఇవ్వాలన్నది దాన్ని బట్టే ఉంటుంది."

ఇప్పుడే అనేస్తే సరిపోతుంది. నాలుక చివర దాకా వచ్చింది ఆ మాట. ఇందాక వెచ్చగా ఉంది, ఇప్పుడే చల్లబడింది, నేను కనిపెట్టి పిలిచాను. ఎవరూ తప్పు పట్టరు, పైపెచ్చు మెచ్చుకుంటారు. గుమ్మంలో కొడుకు రొప్పుతూ నిలబడి ఉన్నాడు. ఇంటి దగ్గర చంటివాడు ఉన్నాడు. ఆరోగ్యమ్మ చిన్నారి పాదం వైపు చూసింది.

"తెలవదమ్మా" అంది.

"అంటే?"

"ఎప్పటినుంచో తెలవదు. నా చేతులకి ఎచ్చనా తెలవదు, సల్లనా తెలవదు. సున్నం తినేసింది. ఇందాక నేను ఉత్తుత్తికే అన్నా ఎచ్చగుందని. నాడి కూడా ఎప్పుడూ తెలవలేదు నాకు." ఆవిడ రెండు చేతులూ ముందుకు చాపింది, బట్టీ దగ్గర కూలి తీసుకునేటప్పుడు చాపినట్టు. "పిల్ల కాలు కాపాడండమ్మా. నన్నేమన్నా అనండి."

రవికుమార్ ఆ చేతుల వైపు మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"అయితే, చంటోడికి నీళ్లు..." అని ఆగిపోయాడు.

ఆ ఒక్క ముక్క చాలు. చెంపదెబ్బ కొట్టినా ఆరోగ్యమ్మకు అంత నొప్పి వేసేది కాదు. ఆవిడ తల దించుకుంది.

డాక్టరమ్మకు అదంతా వినే తీరిక లేదు. "షెర్లీ, నువ్వు స్వయంగా పట్టుకుని చూసింది ఎప్పుడు?" అని అడిగింది. షెర్లీ చెప్పింది, చెబుతూ, "మళ్లీ నేనే వచ్చి చూడాల్సింది మేడం. నోటిమాట మీద వదిలేశా" అంది. "సరే, అప్పటి నుంచే అనుకుందాం. ఇప్పుడన్నా తెలిసింది, మందు పనిచేసే వేళ దాటిపోలేదు." ఆవిడ పిల్ల బరువు అడిగి, లెక్క కట్టి, రక్తం గడ్డకట్టనివ్వని మందును సెలైన్ మిషనులో పెట్టించి సన్నగా ఎక్కించమంది. రవికుమార్‌కు ఒక్క మాటలో చెప్పింది. సాయంత్రం లోపల నాడి వస్తే సరే. రాకపోతే గడ్డ కరిగించే మందు ఇవ్వాలి, దాంతో ఒంట్లో ఎక్కడైనా రక్తం కారే ప్రమాదం ఉంటుంది. అదీ పనిచేయకపోతే కోసి తీయాలి.

అందరూ కదిలాక ఆరోగ్యమ్మ లేచింది. కుర్చీని కొడుకు వైపు జరిపింది.

"నువ్వే కూసో నాయనా. నేను కిందికి పోతా."

రవికుమార్ కూర్చున్నాడు. పాదం పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. ఆరోగ్యమ్మ గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది.

"అమ్మా."

"ఏందిరా?"

"నా చేతికీ ఏం తెలవట్లేదే. నా గుండె కొట్టుకునేదే చేతిలోకొచ్చి దడదడమంటా ఉంది. పాదానిదో నాదో తెలవట్లేదు." వాడు కళ్లు తుడుచుకున్నాడు. "ఇందాక నీకెట్టా తెలిసింది?"

ఆవిడ చెంప తాకి చూపించింది. రవికుమార్ లేచి నిలబడ్డాడు. తల్లి రెక్క పట్టుకుని తీసుకొచ్చి మంచం దగ్గర వదిలాడు. షెర్లీ అడ్డు చెప్పలేదు. మధ్యమధ్య తను వచ్చి మిషను పెట్టి వింటూనే, "మొకం కడుక్కుని ఉండు పెద్దమ్మా, అంతే" అంది.

ఆరోగ్యమ్మ ముఖం కడుక్కుంది. మంచం పక్కన నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, మెల్లగా, బరువు పడకుండా, మనవరాలి పాదానికి బుగ్గ ఆనించింది. ప్రార్థనకు కూర్చున్నట్టే ఉంది చూసేవాళ్లకు. నిజానికి ఆవిడ దేవుణ్ని ఏమీ అడగలేదు. వింటూ ఉంది, అంతే.

తెల్లటి తెర మెల్లగా పసుపు రంగుకు తిరిగింది. సీసాలోంచి మందు చుక్క చుక్కగా దిగుతోంది. కళ్లు మూసుకుంటే మళ్లీ కాలవ కనబడుతోంది, ఈసారి నిద్ర కాదు, మెలకువా కాదు. తండ్రి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఏమీ చెప్పడం లేదు. బోదెలో ఎక్కడో గడ్డీ గాదం అడ్డం పడి ఉంది, దాని అంచు నానుతోంది. ఒక పోచ కదిలింది. ఆగింది. బుగ్గ కింద ఇంకా చల్లగానే ఉంది. ఆవిడ తన వేడిని ఆ పాదంలోకి పంపగలిగితే బాగుండనుకుంది. అలా పంపడానికి వీల్లేదని తెలుసు, అయినా అనుకోకుండా ఉండలేకపోయింది.

షెర్లీ వచ్చింది, విన్నది, తల అడ్డంగా ఊపింది, వెళ్లింది. వరండాలో రవికుమార్ ఫోనులో మాట్లాడుతున్నాడు. కరుణతోనే. "అమ్మ చేతులు..." అని వినబడింది, ఆ తర్వాత గొంతు తగ్గించాడు. ఆరోగ్యమ్మ చెవులు రిక్కించలేదు. ఎలాగూ పోయేది పోయింది. ఈ కాలొక్కటి నిలబడితే చాలు, పిల్ల వీధిలో పరిగెడితే చాలు, చంటివాడికి ఎవరు నీళ్లు పోసినా ఫర్వాలేదు అనుకుంది. అనుకున్నాక ఏడుపు ఆగలేదు. కన్నీళ్లు ముక్కు మీదుగా జారి బుగ్గ మీదికి, అక్కణ్నుంచి పాదం మీదికి వచ్చాయి. తుడుచుకుందామంటే బుగ్గ తీయాలి, తీయబుద్ధి కాలేదు.

అప్పుడు ఏదో తగిలింది. చాలా మెత్తగా. పసివాడి మాడు మీద ముద్దు పెట్టేటప్పుడు పెదవుల కింద కొట్టుకుంటుందే, అంత. ఒకసారి. తన చెంపలోనే అదిరిందేమో అనుకుంది. మళ్లీ తగిలింది.

"నాయనమ్మా" అంది చిన్నారి. ఈసారి కళ్లు పూర్తిగా తెరిచి చూస్తోంది. విసుగ్గా ముఖం ముడిచింది.

"ఏందమ్మా?"

"నీ మొకం సల్లగా ఉంది. తియ్యి."

ఆరోగ్యమ్మ తలెత్తింది. ఆ తడి బుగ్గ కన్నా పాదమే వెచ్చగా ఉందని ఆవిడకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక గుమ్మం వైపు తిరిగి చెయ్యి ఊపింది. ఫోను పెట్టేసి గుమ్మంలోకి వచ్చిన రవికుమార్ షెర్లీని పిలిచాడు. షెర్లీ మిషను పెట్టింది. ముందు గరగర, తర్వాత ఆ గరగర లోపల్నుంచి, బలహీనంగా, హుష్... హుష్... అని వచ్చింది. షెర్లీ డాక్టరమ్మ కోసం పరిగెత్తింది.

"ఇంకా సన్నగానే ఉంది. మందు ఆపకూడదు, ఇంకా కాచుకోవాలి. కానీ దారి తెరుచుకుంటోంది" అంది నిహారిక. "చిన్నారీ, వేళ్లు కదిలించు చూద్దాం." చిన్నారి కదిలించింది. కాలు మడవనివ్వడం లేదని ఫిర్యాదు కూడా చేసింది. బుడగ ఎక్కడుందని అడిగింది.

అందరూ వెళ్లాక రవికుమార్ తల్లి పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఆవిడ చేయి ఒకటి తీసి తన రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. గట్టిగా నొక్కుతున్నాడని ఆవిడ చూసి తెలుసుకుంది.

"చంటోడికి ఇయ్యాల అత్తమ్మ నీళ్లు పోసిందంట. గుక్కపట్టి ఏడిచాడంట. నువ్వెప్పుడొస్తావని అడుగుతా ఉంది కరుణ" అన్నాడు.

"నా చేతుల సంగతి చెప్పావా?"

"చెప్పా."

"ఏమంది?"

"కాళ్లకి తెలుస్తాది గదా అంది."

కరుణ ఆ మాట నిజంగా అందో, వీడే కల్పించాడో. కొడుకు ముఖంలోకి చూస్తే తెలిసిపోతుంది. ఆరోగ్యమ్మ చూడలేదు. పైటకొంగుతో ముఖం పొడిగా తుడుచుకుని, "సల్లగా లేదులేవే ఇప్పుడు" అని మనవరాలికి చెప్పి, మళ్లీ ఆ పాదానికి బుగ్గ ఆనించింది.